గోడను ఒరుసుకుని

గలీసియాలో వాన అడిగి రాదు.
పొద్దుటి నుంచీ ఆ సందులో గోడలన్నీ
చేపపొలుసు రంగులో చెమ్మగిల్లి ఉన్నాయి.
సందు వెడల్పు మూడడుగులు,
దోరిందా చక్రాల కుర్చీది రెండున్నర.
మధ్యలో మోకాలెత్తున
గోడలోంచి పొడుచుకొచ్చిన ఎనిమిదంగుళాల గ్రానైటు.
వాళ్ళ ముత్తాత దానికి చిల్లు తొలిచి ఆవును కట్టేవాడట.

"పీకేయొచ్చుగా" అన్నాడు మునిసిపాలిటీ కుర్రాడు.
పీకితే గోడ పేగులతో సహా ఊడొస్తుంది, బాబూ.
కొయ్యాలి, గోడను ఒరుసుకుని.
ఇక్కడేదో ఉండేదని
నిమిరే చేతికి తెలియకూడదు.

మామూలు బ్లేడుకు నడిమధ్యన నట్టు.
బొజ్జ ముందుకొచ్చినవాడు
గోడకు ఎంత దగ్గరగా నిలబడగలడు?
దీనికి బొజ్జ లేని బ్లేడు కావాలి:
చుట్టూ ఆరు మరలు,
తలలు ఉక్కులోకి దించుకుని కూర్చుంటాయి.
వాటిలో ఒక్కటి వెంట్రుకవాసి తలెత్తినా
గోడ మీద గీత.
ఆ గీతను ఊరంతా సబేలా అని పిలుస్తారు.

మెల్చోర్ దగ్గర చేరినప్పుడు నాకు పంతొమ్మిది.
"గట్టి రాయికి మెత్తని పట్టు,
మెత్తని రాయికి గట్టి పట్టు" అన్నాడు.
తలకిందులుగా చెబుతున్నాడని నవ్వాను.
"వజ్రాలు లోహంలో పొదిగి ఉంటాయి, పిల్లా.
పైది మొద్దుబారితే లోహం దాన్ని వదిలెయ్యాలి.
వదలకపోతే కింది వజ్రానికి వెలుగెప్పుడు?
ఇసుకరాయి లోహాన్ని కొరుక్కు తింటుంది,
దాని ముందు గట్టిగా పట్టుకునేది నిలబడుతుంది.
గ్రానైటు తినదు, నున్నగా అరగదీస్తుంది.
దాని ముందు వదలడం తెలిసినది నిలబడుతుంది."
మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధయ్యే వయసు.
ఇసుకరాయి మూడు బ్లేడులు మింగాక గానీ నమ్మలేదు.

ఇవాళ తప్పు మళ్ళీ నాదే.
నిన్న ఇటుక గోడకు బిగించిన బ్లేడు
మార్చకుండా తెచ్చాను.
గ్రానైటుది వీగోలో, షెడ్డులో, మేకుకు వేలాడుతోంది.
రెండు మిల్లీమీటర్లు దిగి ఇది కోత మానేసింది,
సన్నని కీచుగొంతుతో రాగం అందుకుంది.
ఆపి చూస్తే పళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి.
ఈ వృత్తిలో మెరుపు మంచి శకునం కాదు.
ఇంకా నొక్కితే ఉక్కు నీలం తిరిగి వంగిపోతుంది.

కిటికీలోంచి దోరిందా:
"ఏం, రాయి గెలిచిందా?"
"లేదు, బ్లేడు పళ్ళు తోముకుంటోంది."
వ్యానులోంచి పాత ఇసుకరాయి ముక్క తెచ్చి
దాని మీద నాలుగు కోతలు.
పై పొర పోయింది, కొత్త వజ్రాలు లేచాయి.
మళ్ళీ గోడ దగ్గరికి. మళ్ళీ పది నిమిషాలకు కీచు.
అలా తొమ్మిదిసార్లు. బద్ధకానికి జరిమానా.

తొందరపడలేదు. మిషను బరువే కోసుకోనిచ్చాను.
నీళ్ళ గొట్టం కోత మీద పెట్టి ఉంచాను,
బూడిదరంగు పాలు కారి రాళ్ళ సందుల్లో ఇంకాయి.
మెల్చోర్ నలభై ఏళ్ళు పొడిగా కోశాడు.
ఇప్పుడాయన ఊపిరి తీస్తే
ఎవరో ఎండుటాకుల మీద నడుస్తున్నట్టుంటుంది.
అందుకని వానలో కూడా నేను నీళ్ళు పోస్తాను.

మధ్యాహ్నం మూడు దాటాక ఊడిపడింది. ఏడు కిలోలు.
"ఇలా ఇవ్వు" అంది దోరిందా.
ఒళ్ళో పెట్టుకుని, చిల్లులో వేలు దూర్చి,
పదకొండు నెలల తరవాత మొదటిసారి
సందు దాటడానికి బయల్దేరింది.
రెండో చెయ్యి గోడ వెంబడి పోతోంది.
సరిగ్గా ఆ చోట ఆగింది.
"ఇక్కడే కదూ?"

ఎత్తు లేదు. గీత లేదు.
మరి ఎలా తెలిసింది?
నేనూ తడిమి చూశాను.
మూడు వందల ఏళ్ళ గరుకు గోడలో
అరచేతి మేర, చెంపలా, నునుపు.

బ్లేడు విప్పి పక్కన పెట్టాను.
గాట్ల సుత్తి తీసి,
నేను నున్నగా కోసిన చోటును
మెల్లగా పాడుచెయ్యడం మొదలుపెట్టాను.